నేను ముందు, పాప వెనక

నా కూతురు కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి పారాగ్లైడింగ్ నేర్చుకుంది. ఇంకొక మనిషిని తనకు కట్టుకుని ఎగిరే టాండెమ్ పైలట్ అయింది. నేనేమో మూడేళ్ళపాటు, చింతామణిలో ఉండే మా అన్నతో సహా చుట్టాలందరికీ, "ఇంకా కంపెనీలోనే ఉండాది" అని చెప్పుకుంటూ వచ్చాను. కన్నడ స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన టీచర్ని నేను! పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు వాళ్ళబ్బాయి బయోడేటా తెచ్చి దాని చేతిలో పెట్టేవారు. పాపం, అది బుద్ధిగా మడిచి బ్యాగులో పెట్టుకునేది.

పోయిన చలికాలంలో ఒకరోజు తెగేసి చెప్పింది.

"అమ్మా, ఒకసారి నాతో వచ్చి ఎగురు. ఆ తర్వాత కూడా నీకు సిగ్గుగానే ఉంటే నీ ఇష్టం. నేను మాత్రం ఇంక మనోళ్ళ ఫంక్షన్లకు రాను. ఈ అబద్ధం నాకు చాలైపోయింది."

అది అన్నదంటే అన్నట్టే. మొండితనంలో అంతా నా పోలికే.

ఒప్పుకోక తప్పలేదు. మర్నాడు తెల్లవారేసరికి చిక్కబళ్ళాపురం దగ్గర కొండ కిందికి చేరాం. ఫారెస్టు గేటులో పేర్లు రాసి నడక మొదలుపెట్టాం. నీలగిరి చెట్లు, ఆ తర్వాత ముళ్ళకంపలు, సీతాఫలం గుబుర్లు, ఆపైన వట్టి బండలు. రెండు గంటల ఎక్కుడు. నేను దాని ట్రాక్ ప్యాంటు వేసుకుని, కొంగు లేని భుజాన్ని మాటిమాటికీ తడుముకుంటూ నడుస్తున్నాను. అది నా ముందు పెద్ద సంచి వీపున వేసుకుని పోతోంది. అందులోనే ఎగరడానికి వాడే గుడ్డ రెక్క, పట్టీలు, హెల్మెట్లు అన్నీ.

"ఇంత బరువు దినామూ మోస్తావా? కొంచేపు నాకియ్యి."

"ముందు నిన్ను నువ్వు మోసుకోని రామ్మా!" అని నవ్వింది. ఒళ్ళు మండింది గానీ, ఆయాసంలో తిట్టడానికి ఊపిరి చాలలేదు.

కొండపైన గడ్డి మీద రెక్క పరిచింది. నన్ను ముందు నిలబెట్టి, నా పట్టీలు బిగించి, తను వెనక నిలబడింది.

"పరుగెత్తు అంటే పరుగెత్తాల. నేను చెప్పేదాకా కూర్చోవద్దు."

నాలుగడుగులు పరుగెత్తానో లేదో, కింద లోయ కనబడింది. భయమేసి కూర్చుండిపోయాను. రెక్క పక్కకు ఒరిగి నేల మీద పడింది. అంచుకు ఇంకా బారెడు దూరంలో ఇద్దరమూ ఆగిపోయాం.

"అమ్మా! నేను చెప్పిందేమి, నువ్వు చేసిందేమి? చెప్పినప్పుడు వినాల!"

ఆ గొంతు! క్లాసులో నా గొంతే. ముప్పై ఏళ్ళలో నన్ను అలా గదమాయించిన మనిషి లేడు. "సరే టీచర్" అన్నాను, నోటికి అదే వచ్చింది.

అది నవ్వలేదు. ప్రతి పట్టీనీ మళ్ళీ చేత్తో లాగి చూసింది. గాలి బాగానే ఉన్నట్టు నాకనిపించింది, "ఇప్పుడొద్దు" అంది. ఇంకోసారీ అదే మాట. ఇంట్లో పాలు పొంగినా చూసుకోని పిల్ల ఇదేనా అని ఆశ్చర్యపోయాను. తర్వాత "పరుగెత్తు" అంది. కాళ్ళకింద నేల లేకపోయినా పరుగెత్తుతూనే ఉన్నాను.

"చాలమ్మా, ఇంక కూర్చో."

కింద ద్రాక్షపందిళ్ళు, మల్బరీ తోటలు, ఎండకు మెరిసే చెరువులు. వెనక ఉన్న పాప ముఖం నాకు కనబడదు, గొంతే వినబడుతుంది. ఎడమకు వంగు, ఇప్పుడు కుడికి. దాని మాట మీద, దాని చేతుల మీద నా ప్రాణం ఉంది. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంత పని నేర్చిన బిడ్డనా నేను మూడేళ్ళు దాచింది!

"ఏడుస్తాండావా?"

"అవును, ఏడుస్తాండా. నువ్వు ముందు చూసి నడుపు."

కోసేసిన రాగిచేలో మెల్లగా దించింది. అది రెక్క మడుస్తుంటే, నేను హెల్మెట్ కూడా తీయకుండా అన్నకు ఫోను చేశాను.

"అన్నా, పాప కంపెనీలో లేదు. వదిలేసి మూడేళ్ళయింది. నేనే అబద్ధం చెప్పినా."

"అయ్యో రామా! మరి ఏం చేస్తాండాది?"

"మనుషుల్ని కొండమీద నుంచి గాల్లోకి తీసకపోయి భద్రంగా దించుతాది. ఇప్పుడే నన్ను దించింది."

"మరి అందరికీ నేనేమని చెప్పేదే?"

"ఇదే చెప్పు. గట్టిగా చెప్పు."

ఫోను పెట్టేసి చూస్తే, పాప మడవడం ఆపేసి నావైపే చూస్తోంది.

"అమ్మా, మామకు ఇంకోసారి చెయ్యి. నాకు సరిగ్గా వినబళ్ళేదు."

వినబడింది. నాకు తెలుసు. అయినా మళ్ళీ చేశాను.