పాలు పోసిన పసుపునీళ్లు

మొన్న ఖమ్మంలో మా చెల్లెలి ఇంటికి వెళితే, వాళ్ల కోడలు ఒక పెద్ద గాజు కప్పులో పచ్చగా నురగలు కక్కుతున్న పానీయమేదో తెచ్చి నా చేతికిచ్చింది. పసుపు, మిరియాలు, దాల్చినచెక్క వేసి, పాలకు బదులు బాదంపప్పు నానబెట్టి రుబ్బి పిండిన నీళ్లు పోసి కాచిందట. నా మోకాళ్లకు ఇంతకన్నా మంచిది లేదట. "ఒక్క చుక్క పాలు గూడ లేవు పెద్దత్తమ్మా" అని ముచ్చటగా మూడుసార్లు చెప్పింది, పాలు లేకపోవడమే దాని రుచి అన్నట్టు. ఒక గుక్క తాగాను. నాలుక మీద తడి సున్నం పూసినట్టయింది, దాని వెనకాలే పసుపు వగరు, ఆ వగరు మీద ఏదో సీసాలోంచి వచ్చిన తీపి. ఫోను మోగి ఆ పిల్ల అటు వెళ్లగానే లేచి, మిగతాదంతా వంటింటి సింకులో పారబోసి, నల్లా తిప్పి, పచ్చదనం పోయేదాకా నీళ్లు వదిలాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి చేయవలసిన పని కాదు గానీ, చేశాను.

రోత పుట్టింది ఆ కప్పు మీద మాత్రమే అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. ఒక్క చుక్క పాలు లేవు అన్న ఆ మాట ఉంది చూశారూ, అది నన్ను నలభై ఆరేళ్ల వెనక్కి ఈడ్చుకుపోయింది. నా ఈడువాళ్లు ఉద్యోగాల తొలి రోజుల్లో చేసిన తప్పులను ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు. నేను చేసినది తలచుకుంటే నాకు నవ్వు రాదు, నా మీద నాకే ఏవగింపు కలుగుతుంది.

మాది కుసుమంచి దగ్గర పల్లె. ఇంట్లో నాలుగు గేదెలు. దగ్గొస్తే పాలలో పసుపు, నిద్ర పట్టకపోతే పాలలో గసగసాలు, బాలింతకు పాలలో వెల్లుల్లి; మా అమ్మకు తెలిసిన వైద్యమంతా పాలగిన్నెలోనే ఉండేది. పాలు లేని ఇల్లంటే మా వాళ్ల దృష్టిలో దరిద్రపు ఇల్లు. పాలకు లోటు లేని ఆ కొంపలోంచి వచ్చి, నర్సు ట్రైనింగు చేసి, ఇరవై రెండేళ్లకు పినపాక అవతల అడవిలో ఒక కోయగూడెంలో ఉద్యోగానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు నాన్న రెండు సేర్ల నెయ్యి డబ్బాలో పోసి, పైన బట్ట కట్టి ఇచ్చాడు. ఆ నెయ్యి వాసన చూసుకుంటూ అన్నం తిన్న రోజులున్నాయి.

గూడెంలో నాకు కిరాయికి దొరికింది ఒక ముసలవ్వ ఇంటి వసారాలో తడికలు కట్టిన గది. అవ్వ కొడుకు వెదురు కోతకు వెళితే పది రోజులకోసారి వచ్చేవాడు. కోడలికి పంతొమ్మిదేళ్లుంటాయి, నెలలు నిండిన మనిషి. వాళ్లలో వాళ్లు కోయభాషలో మాట్లాడుకునేవాళ్లు, నాతో తెలుగులో. పొద్దున్నే అవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద ఒక మట్టికుండ పెట్టేది. పెరట్లో తవ్వుకొచ్చిన పచ్చి పసుపు కొమ్ము, ఎండు అల్లం, నాలుగు పిప్పళ్లు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, నీళ్లలో వేసి, అవి సగానికి సగం ఇగిరేదాకా కాచేది. దించే ముందు పాతబెల్లం ముక్క ఒకటి వేసేది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆఖరున బుడ్డిలోంచి ఒక గరిటెడు ఇప్పనూనె పోసేది, అక్కడ నా ప్రాణం మీదికి వచ్చేది. ఇప్పగింజల నూనె వాసన ఎరగనివాళ్లకు ఎలా చెప్పను. మురిగిన నెయ్యిని తడి కట్టెల పొగలో కాచినట్టుంటుంది. వేడి కుండలో పడగానే అది గుప్పున లేచి తడికల సందుల్లోంచి నా మంచం దాకా వచ్చేది. నేను పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తేదాన్ని. అవ్వ చూసి నవ్వేది. తాగమని రోజూ అడిగేది, నేను రోజూ కడుపులో బాగా లేదనేదాన్ని. నిజానికి ఆ కుండ అంచుకు పట్టిన పసుపు జిడ్డు చూస్తేనే నాకు డోకు వచ్చేది.

ఇంకా విడ్డూరమేమిటంటే, ఆ ఇంట్లో మూడు ఆవులున్నాయి. ఒక్క రోజైనా వాటి కింద చెంబు పెట్టిన పాపాన పోలేదు. దూడలు తల్లుల వెంట అడవిలోకి పోయి, కడుపు నిండా తాగి, సాయంత్రం ఎగురుతూ వచ్చేవి. ఎందుకు పితకరని అడిగితే అవ్వ నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "గవి దూడ పాలు బిడ్డా. మనయి గావు" అంది, అంతే. ఆ మాట నేను ఇంటికి ఉత్తరంలో రాస్తే మా వాళ్లంతా చదువుకుని పడీపడీ నవ్వారట. నేనూ నవ్వాను. చదువుకున్నదాన్ని గదా.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు నేనే చేశాను. పిల్ల రెండు కేజీలకు తక్కువ, చర్మం మడతలు మడతలుగా, ఏడుపు పిల్లికూన ఏడుపంత. తల్లికి పాలు సరిగా పడటం లేదు. నాకు కంటి మీద కునుకు లేదు. నా చేతుల మీద పుట్టిన మొదటి బిడ్డ పోతుందేమోనని ఒకటే భయం. బాలింత గేదెపాలు తాగితేనే ఆమెకు పాలు పడతాయని మా అమ్మ దగ్గర నేర్చుకున్న జ్ఞానం నన్ను పుస్తకంలోదానికన్నా గట్టిగా పట్టుకుంది. చెప్పి చూశాను. కోడలు తల అడ్డంగా ఊపింది. అవ్వ అసలు వినిపించుకోలేదు. ఆ పసుపునీళ్లే బాలింతకు రెండుపూటలా పోసేది.

అప్పుడు నేను చేసిన పని ఇది. అది ఇప్పపూలు రాలే కాలం. అవ్వ తెల్లవారుతుండగానే కుండ పొయ్యి మీద పెట్టి, బుట్ట తీసుకుని పూలేరడానికి పోయేది. కాగాక కోడలికి వంచి ఇమ్మని నాకు పురమాయించింది. ముక్కు మూసుకుని పారిపోయే నన్ను నమ్మి కుండ అప్పగించింది. నేను ఆశ్రమపాఠశాల దగ్గర టీ హోటలు నుంచి ముందురోజే ఒక సీసాలో గేదెపాలు తెచ్చుకుని కాచి దాచేదాన్ని. కుండ దించి, పావులీటరు పాలు అందులో కలిపి, కోడలికి గ్లాసులో పోసి ఇచ్చి, అవ్వ వచ్చేలోగా కుండ కడిగేసేదాన్ని. రంగు మారిందేమని అడిగితే బలం మందు కలిపానన్నాను. ఆ పిల్ల గుటక వేసేటప్పుడు మొహం చిట్లించేది, అయినా నర్సమ్మ ఇచ్చింది గదా అని తాగేది. ఐదు రోజులు తాగించాను. నేనేదో ఘనకార్యం చేస్తున్నానని లోలోపల పొంగిపోయాను కూడాను.

ఐదో రోజు నేను కుండ కడగకముందే కోడలికి కడుపు ఉబ్బరించి, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ పూలబుట్టతో తిరిగొచ్చి, కుండలోకి తొంగి చూసి, ఒకసారి వాసన చూసింది. ఇప్పనూనెకు నేను పెట్టిన మొహం ఉందే, సరిగ్గా ఆ మొహమే పెట్టింది పాలవాసనకు. పెదవులు ముడుచుకుని, ముక్కు పక్కకు తిప్పి, పక్కనే ఊసింది. నా జన్మలో పాలను చూసి ఊసిన మనిషిని చూడటం అదే మొదలు. రెండు మోదుగాకులు చేతిలో పట్టుకుని, కుండను వాటితో ఎత్తి, గూడెం బయట వాగు ఒడ్డున పెట్టి వచ్చింది. కోడలు అడిగింది, నీరసంగా పడుకునే, నా వైపు చూడకుండా: "ఏ దూడ నోటికాడిది గుంజి నాకు పోసినవ్ నర్సమ్మా?"

హోటలు పాలన్నాను. హోటలుకు దూడ ఉంటుందా అని ఆ పిల్ల అడగలేదు గానీ, అడిగినట్టే అనిపించింది. ఆనాటి నుంచి నేను ఆ గుమ్మం ఎక్కితే ఆ పిల్ల బిడ్డను కొంగు కింద దాచుకునేది. తూకం లేదు, సూది లేదు. కిరాయి గది ఖాళీ చేయమని అవ్వ అనలేదు, అంటేనే బాగుండేదేమో. వాళ్ల పొయ్యి మీదికి కొత్త కుండ వచ్చింది, అదే వాసన తడికల్లోంచి వచ్చింది, తాగమని మాత్రం నన్నెవరూ అడగలేదు.

రెండు వారాలు తిరక్కుండానే బిడ్డకు జ్వరం వచ్చింది. పొద్దున తడికలోంచి చూస్తే బిడ్డ డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి, ఊపిరి గురక గురకగా వస్తోంది. నాకు అర్థమైంది, భద్రాచలం దవాఖానాకు చేర్చకపోతే ఆ పూట దాటదు. రోడ్డు మీద వెదురు లారీ బయలుదేరబోతోంది. బిడ్డనిమ్మని చేతులు చాపాను. తల్లి గోడకు వీపు ఆనించి కూర్చుని, బిడ్డను రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"దూడ ఏడ్పు తాకింది నా బిడ్డకు. నువ్వు తాగిపిస్తివి, నేను తాగితి. నీ చేతికియ్య."

బతిమాలాను, ఏడ్చాను, అధికారం కూడా చూపించాను, సిగ్గులేకుండా. ఆ పిల్ల కదల్లేదు. అవతల లారీవాడు హారను కొడుతున్నాడు. అప్పుడు అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచింది. కాగుతున్న కుండలోంచి సొరకాయ బుర్ర నిండా ముంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగు. మా కుండది నీ కడుపుల వడితే నువ్వు మా మనిషివి. గప్పుడు తీస్కపో."

పైన ఇప్పనూనె కళ్లు కళ్లుగా తేలుతోంది. నలిగిన పసుపు తొక్కలు, పిప్పలి పిప్పి అడుగున కదులుతున్నాయి. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. కళ్లు మూసుకుని మొదటి గుక్క మింగాను. అది లోపలికి వెళ్లి, మనసు మార్చుకుని, వెనక్కి వచ్చింది. నోట్లోనే ఆపి మళ్లీ మింగాను. చెబుతుంటేనే మీకు వెగటుగా ఉంటుంది, క్షమించండి. ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పిప్పలి కారం గొంతును కోస్తోంది, నూనె పెదవులకు అంటుకుని జారడం లేదు. అవ్వా కోడలూ, తడిక అవతల చేరిన నలుగురు ఆడవాళ్లూ కన్నార్పకుండా చూస్తున్నారు. పిప్పితో సహా తాగి, బుర్ర బోర్లించి చూపించాను. కోడలు అవ్వ మొహంలోకి చూసింది, ఆ తర్వాత బిడ్డను నా చేతుల్లో పెట్టి, తానూ లేచి నా వెంట లారీ ఎక్కింది.

బిడ్డ బతికింది. తొమ్మిది రోజులు దవాఖానాలో ఉండి తిరిగొచ్చాం. నేను ఆ గూడెంలో మరో మూడేళ్లున్నాను, ఆ తర్వాత ఉద్యోగమంతా చుట్టుపక్కల గూడేల్లోనే. కోడలు బిడ్డకు సూదులన్నీ వేయించింది, తూకానికి తెచ్చింది, నన్ను చూసి నవ్వింది కూడా. కానీ నా చేతి నుంచి గ్లాసు మాత్రం మళ్లీ అందుకోలేదు. మాత్రలిస్తే కొంగులో వేసుకుని ఇంటికి పోయి, తన కుండలో నీళ్లతో వేసుకునేది. అది చూసిన ప్రతిసారీ ఆ ఐదు రోజుల సీసా నా కళ్ల ముందు మెదిలి, నా చేతులు నాకే మురికిగా కనిపించేవి.

పోయిన చలికాలం భద్రాచలం వెళ్లినప్పుడు, ఆటో మాట్లాడుకుని ఆ గూడేనికి వెళ్లాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. కోడలి జుట్టు నాకన్నా తెల్లగా ఉంది, నన్ను గొంతుతో గుర్తుపట్టింది. ఆ బిడ్డ అశ్వారావుపేట వైపు అత్తగారింట్లో ఉందట, పామాయిలు తోటలో పనికి పోతుందట, దానికీ మనవలట. సిమెంటు రోడ్డు, ఇంటింటికీ నల్లా, పొయ్యి స్థానంలో గ్యాసు. పెరట్లో పసుపు మడి లేదు, ఇప్పనూనె బుడ్డి లేదు, నా ముక్కు ఎంత వెతికినా ఆ వాసన తగల్లేదు. పక్కింటి ముందు గేదె కట్టేసి ఉంది. దాని దూడ దూరంగా ఇంకో గుంజకు, తల్లి పాలు తాగకుండా మూతికి చిక్కం బిగించి ఉంది. మా పల్లెలో నా చిన్నప్పుడు అలాంటి చిక్కాలు కొబ్బరి పీచుతో చక్కగా అల్లుతానని నాకు పేరుండేది. దూడ మొహం వంక చూసిన గుర్తు మాత్రం లేదు.

కూర్చోమని మంచం వాల్చి, ఆమె ఒక చిన్న గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్లి వచ్చింది. టీ పెట్టింది. నాకు చిక్కటి పాలటీ, తనకు నల్లటి డికాషను. నువ్వు పోసుకోలేదేమని అడిగాను.

"నాకెందుకు నర్సమ్మా. గిప్పటి పోరగాండ్లు తాగుతరు. నీకు పాలు లేంది గొంతు దిగదు గద, నాకు యాదికున్నది."

ఆ రోజు మీ కుండలోది పిప్పితో సహా తాగాను గదా, గుర్తుందా అని అడిగాను. "తాగినవా?" అని ఆలోచించి, యాదికి లేదని నవ్వింది.

గ్లాసు మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. పాలవాసన ముక్కుకు కొట్టింది, ఆనాడు అవ్వకు కొట్టినట్టే. అయినా తాగాను, కాదనడానికి నాకేం మొహముంది. అంత జరిగాక కూడా, ఉద్యోగం పేరుతో ముప్పై ఏళ్లు ఆ గూడేల్లో ఇల్లిల్లూ తిరిగి పాలు తాగండి, పాలు తాగండి అని చెప్పిన నోరు నాదే. ఎన్నాళ్లకో అందరూ విన్నారు. విననిది ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె కూడా ఆ రోజు గిన్నె పట్టుకుని ఆ చిక్కం కట్టిన దూడ పక్కగా నడిచి వెళ్లింది, నా కోసం.