పోయినేటి వాన

చందానగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరు పెద్దమ్మ మొన్న ఆదివారం కన్నుమూశారు. పొద్దున కాఫీ కలుపుతుంటే కింది వాటా నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదక్కా" అంది. స్టవ్ కట్టేసి కిందికి దిగాను.

ఆమె నాకు చుట్టం కాదు. మాదాపూర్‌లో ఉద్యోగానికొచ్చిన కోనసీమ పిల్లను నేను. ఆమె నల్గొండ వైపు మెట్ట ఊళ్లో పుట్టి, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కాలువ గట్టున పెరిగిన నాకు నీళ్ల విలువ ఆమె దగ్గరే తెలిసింది.

వాళ్ల ఊళ్లో ఫ్లోరైడ్ నిండిన బోరు నీళ్లు పిల్లల పళ్లను గారపట్టించేవి, పెద్దల మోకాళ్లను వంచేసేవి. రిటైరయ్యాక ఆమె పుట్టింటి పెరట్లో సంపు కట్టించారు. డాబా మీద పడిన వాన గొట్టంలోంచి దిగి, ఇసుక, బొగ్గు పొరల్లో వడకట్టుకుని, వెలుతురు చొరకుండా మూసిన ఆ సంపులోకి చేరుతుంది. తాగడానికి, వంటకి ఏడాదంతా అవే. నెలల తరబడి నిలవున్న నీళ్లు తాగితే రోగాలొస్తాయని ఊరంతా భయపడిందట. ఆమె వాదించలేదు.

"ముందుగాల నేను తాగుత. నాకేమైతదో మీరే సూడుండ్రి" అని ఎండాకాలమంతా అక్కడే ఉండిపోయారు. వచ్చెయ్యమని పిల్లలు ఎంత బతిమాలినా కదల్లేదు. వానలు మొదలయ్యేసరికి, కడుపుతో ఉన్న ఎదురింటి కోడలు వచ్చి తమకూ ఒకటి కట్టించమని అడిగిందట. పుట్టబోయే బిడ్డ పళ్లయినా తెల్లగా రావాలని ఆ పిల్ల ఆశ. ఆ తర్వాత ఒక్కో ఇల్లూ కదిలింది.

ఇక్కడ చందానగర్‌లోనూ మబ్బు పట్టిందంటే పెద్దమ్మ చీపురుతో డాబా ఎక్కేవారు. మొదటి వాన కప్పును కడుగుతుంది, దాన్ని పోనివ్వాలి, తర్వాతిదే మనది అనేవారు.

ఒక మే నెలలో నన్ను ఊరికి తీసుకెళ్లారు. చేలు బీటలు వారి ఉన్నాయి. సంపు మూత తీసి, బకెట్‌తో తోడి గ్లాసు నింపి ఇచ్చారు.

"పోయినేటి వాన బిడ్డా. నేల ముట్టకముందే పట్టుకున్నం."

నిరుడెప్పుడో కురిసి వెలిసిన వాన చల్లగా గొంతులోకి దిగింది. రెండో గుటక వెయ్యడానికి కాసేపు పట్టింది నాకు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆమెను ఆ ఊరికే చేర్చాం. వానలింకా రాలేదు. సంపుల్లో నీళ్లు అడుగంటాయి. చివరి స్నానానికి కూతురు బోరు మోటారు వెయ్యబోతుంటే ఎదురింటి కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ నీళ్లొద్దక్కా. మేం తెస్తున్నం."

తలెత్తి చూశాను. వీధి మలుపు దాకా ఆడవాళ్లు, ఒక్కొక్కరి చంకన ఒక్కో బిందె. నిండా ఉన్నవి తక్కువ. ఒకరి వెనక ఒకరు వచ్చి, ఆమె నుదుటి మీద, నెరిసిన జుట్టు మీద మెల్లగా పోశారు. ఆ నీళ్లు వాకిట్లోకి పాయలుగా పారి, ఎర్రమట్టిని తడుపుకుంటూ గేటు దాటి వీధిలోకి వెళ్లాయి. ఇంకా బిందెలతో వస్తున్నవాళ్లు ఆ తడిని తొక్కకుండా పక్కకు జరిగి నడిచారు.