ఒంటిరంగు జోళ్ళు

ఆ రోజుల్లో పిల్లలకి ఒంటరితనం ఉంటుందంటే పెద్దవాళ్ళెవరూ ఒప్పుకునేవారు కాదు. 'తోచడం లేదు' అంటే మాత్రం ఒప్పుకుని, దోసెడు వేరుశనక్కాయలు చేతిలో పోసి పొమ్మనేవారు. ఆ ఏడాది నేను తిన్న వేరుశనక్కాయలకి లెక్కలేదు. నాన్నగారికి పొట్టంగి బదిలీ అయింది. నా చదువు పాడవకూడదని నన్ను రాయగడలో మేనత్త దగ్గర ఉంచారు. అత్త మంచిదే కానీ, మధ్యాహ్నం వక్క నోట్లో పడిందంటే సాయంత్రం దాకా మాట బయటికొచ్చేది కాదు. బళ్ళో పిల్లలందరూ ఒరియాలో గలగల మాట్లాడుకుంటుంటే నా ఒరియా రెండు వాక్యాల్లో అయిపోయేది. ఇంటికొచ్చి గేటు మీద గడ్డం ఆనించి, వచ్చే రైలూ పోయే రైలూ చూస్తూ నిలబడేదాన్ని. (నిజానికి మా ఇంటికి రైలు కనిపించదు, పొగ కనిపించేది.) అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

అటువంటి సమయంలో మా వీధి చివరి బంగళాలోకి ఒక ఇంజనీరుగారూ ఆయన భార్యా వచ్చారు. ఆవిడ మద్రాసులో ఎవరో దొరసాని దగ్గర బాలే అనే నాట్యం నేర్చుకున్నారట. క్లబ్బు వార్షికోత్సవానికి ఆఫీసర్ల పిల్లల చేత పావురాల నాట్యం వేయిద్దామనుకుంటే ఒక పిల్ల తక్కువైందని నన్ను పిలిచారు. నేను 'బాలే' అంటే అత్త 'భలే' అని విని, చూడకుండానే భలే ఏమిటని విసుక్కుంది. నాకు నాట్యం మీద మోజేమీ లేదు. రోజూ సాయంత్రం కాసేపు నా ఈడు పిల్లల పక్కన నిలబడే వీలు దొరికింది, అంతే. పావురాలు జంటలు జంటలుగా చేతులు పట్టుకుని తిరగాలి. నా జంట డాక్టరుగారమ్మాయి, బెంగాలీ పిల్ల. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకున్న రోజు ఇంటికెళ్ళి ఆ చెయ్యి కడుక్కోకుండా అన్నం తినబోతే అత్త చీవాట్లు పెట్టింది.

ఇంతలో కలకత్తా నుంచి జోళ్ళొచ్చాయి. రిబ్బన్లున్న మెత్తటి గుడ్డ జోళ్ళు. ఇంజనీరుగారి భార్య వాటిని ఒంటిరంగు జోళ్ళన్నారు. కాలూ జోడూ ఒకటే రంగయితే కాలు వేలికొస దాకా సాగినట్టు పొడుగ్గా కనిపిస్తుందట. పెట్టె తెరిస్తే అన్నీ లేత గులాబీ రంగు. మిగతా పిల్లలకి ఇంచుమించు నప్పాయి. నేనేమో నాన్నగారి పోలిక. చామనఛాయ అని మా బంధువులు మర్యాదకి అనేవారు. (మర్యాద లేనివాళ్ళు ఏమనేవారో చెప్పనక్కర్లేదు.) అవి తొడుక్కుని నిలబడితే పైన నా కాళ్ళు, కింద ఎవరివో పాదాలు. ఆవిడ చాలాసేపు చూసి, "నీ కాళ్ళు చీలమండల దగ్గర ఆగిపోతున్నాయమ్మా. నువ్వు వెనకాల చెట్టు కింద నిలబడు" అన్నారు. అది అట్టముక్కలతో చేసిన చెట్టు. అందరూ జంటలుగా ఎగురుతుంటే నేను దాని కింద ఒక్కదాన్నీ రెక్కలాడించాలి. డాక్టరుగారమ్మాయి చెయ్యి ఇక ఆవిడే పట్టుకుంటారట.

ఇంటికెళ్ళి జోళ్ళు అత్త ముందు పడేసి వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త వక్క ఉమ్మేసి వచ్చింది. అంటే విషయం పెద్దదన్నమాట.

"ఏటే అమ్మీ ఇవి?"

"ఒంటిరంగు జోళ్ళత్తా."

"ఎవులి ఒంటి రంగు?"

అత్త ఒక జోడు నా కాలి పక్కన పెట్టి చూసింది, తన కాలి పక్కన పెట్టి చూసింది.

"ఇది ఒంటి రంగు కాదే. ఒంటిగా నిలబెట్టే రంగు. నిన్ను రుద్ది తెలుపు సెయ్యలేం గానీ, దీన్ని నలుపు సెయ్యొచ్చు. రా."

తాంబూలంలోకి దాచుకున్న కాచు నీళ్ళలో వేసి మరిగించింది. జోళ్ళు అందులో ముంచితే మొదట మరీ ఎర్రగా వచ్చాయి. టీ పొడి వేసి మళ్ళీ ముంచింది. తడి జోడు నా పిక్క మీద ఆనించి చూడడం, పెదవి విరవడం, మళ్ళీ ముంచడం. రాత్రి భోజనాల వేళకి జోడు నా కాలి మీద పెడితే కనిపించకుండా పోయింది. మర్నాడు ఇంజనీరుగారి భార్య చూసి నవ్వేసి, నీ కాళ్ళు ఇప్పటికి నేల దాకా వచ్చాయంటూ నన్ను మళ్ళీ నా జంట పక్కన నిలబెట్టారు.

నాట్యం బాగానే సాగింది. చిక్కల్లా చూసేవాళ్ళతో వచ్చింది. అందరికీ జోళ్ళుండి ఒక్క పిల్లే ఉత్తకాళ్ళతో ఎగురుతోందని క్లబ్బంతా గుసగుసలు. బహుమతులివ్వడానికొచ్చిన పెద్ద ఆఫీసరుగారి భార్య నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, నీకు జోళ్ళు కొనిపెట్టేవాళ్ళు ఎవరూ లేరా తల్లీ అని ఒరియాలో అడిగారు. ఉన్నారన్నాను. అభిమానం కొద్దీ అబద్ధమాడుతున్నాననుకుని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎవరూ లేరా అన్న మాటకి నాకూ నీళ్ళు తిరిగాయి. ఇద్దరం చెరో కారణానికి ఏడ్చాం.

తర్వాత వెనక గదిలో పిల్లలందరం వరసగా కూచుని జోళ్ళు విప్పుకుంటున్నాం. నేను రిబ్బను ముడి విప్పి లాగేసరికి డాక్టరుగారమ్మాయి కెవ్వుమంది. కాల్లోంచి కాలు ఊడొచ్చిందనుకుందట! అంతే, అందరూ నా చుట్టూ మూగారు. మళ్ళీ తొడుక్కో, మళ్ళీ ఊడదియ్యి అంటూ ఒకటే గొడవ. నా రెండు వాక్యాల ఒరియా ఆ పూటకి చాలింది.

వానలు మొదలయ్యేలోపే ఇంజనీరుగారికి బదిలీ అయింది. డాక్టరుగారమ్మాయిని కటకంలో హాస్టల్లో వేశారు. నాట్యం ఆగిపోయింది, సాయంత్రాలు మళ్ళీ ఎప్పట్లాగే అయ్యాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ పూట వెనక గదిలో కూచున్న చిన్ననాటి నా మీద నాకే నవ్వూ, జాలీ రెండూ కలుగుతాయి. చెమటకి కాచు కరిగి పాదాలు మండుతున్నా కిమ్మనలేదు. ముడి విప్పడం మాత్రం ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యం చేశాను. విప్పేస్తే అందరూ లేచి ఇళ్ళకి వెళ్ళిపోతారని.