గొంతు లేని మనిషి పిలుపు

మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడవడం మొదలైన ఏడాది నన్ను నాచారంలోని ఒక ఆస్పత్రికి స్పీచ్ థెరపిస్టుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. చెవి, ముక్కు, గొంతు విభాగం చివర చిన్న గది, ఒక అద్దం, మూడు కుర్చీలు. అదే నా క్లినిక్.

అక్కడ నా తొలి రోగుల్లో యాదగిరి ఒకరు. జనగామ వైపు మనిషి, ఫ్యాక్టరీలో లేత్ ఆపరేటర్. క్యాన్సర్ వల్ల స్వరపేటిక మొత్తం తీసేశారు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మెడ ముందు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తారు. ఆ గాలి నోటిదాకా రాదు కాబట్టి మాటా రాదు. నోట్లోని గాలిని అన్నవాహికలోకి నెట్టి, త్రేన్పులా పైకి తెచ్చి, దాన్నే గొంతుగా వాడుకోవడం మేం నేర్పుతాం. ప, త, క పలికేటప్పుడు గాలి తేలిగ్గా లోపలికి పోతుంది. అందుకే అందరికీ పాప, తాత, కాక అనే మాటలతోనే మొదలుపెడతాం.

మూడు వారాలైనా ఆయన నుంచి శబ్దం రాలేదు. మెడకు ఆనించుకుని మాట్లాడే బ్యాటరీ పరికరం రాసిస్తానన్నాను. ఆయన వద్దని తల ఊపి, వెంట తెచ్చుకునే పలక మీద రాశారు: "పిలిచినోళ్లందరిని రక్షిస్తడట. గొంతు లేనోడు ఎట్ల పిలవాలె?"

నాకు అర్థం కాక ఆయన భార్య రాజమ్మ వైపు చూశాను. ఆమె చాలా ఏళ్లుగా బోడుప్పల్‌లో ఒక ప్రార్థన మందిరానికి వెళ్తున్నారట. ఈయన ఒక్కసారీ వెళ్లలేదు సరికదా, వాకిట్లో నిలబడి ఆమెనూ ఆమె దేవుణ్నీ గల్లీ అంతా వినేలా తిట్టేవారట. ఆపరేషన్ రోజు, స్ట్రెచర్ వచ్చాక, "నేను పిలిస్తే గూడ ఇంటడా?" అని అడిగారట. తనను పిలిచినవాళ్లందర్నీ రక్షిస్తాడని బైబిల్లోనే ఉందని, ఎవరు పిలిచినా వింటాడని ఆమె చెప్పారట. ఆయన నోరు తెరిచే ధైర్యం చేసేలోపే లోపలికి తీసుకుపోయారు.

"మనసుల అనుకున్నా ఇంటడని ఎన్నిసార్లు చెప్పిన్నో మేడమ్," అన్నారు రాజమ్మ.

ఆయన పలక తుడిచి మళ్లీ రాశారు: "తిట్టింది నోటితోని గద."

నేను దేవుడి గురించి పెద్దగా ఆలోచించే మనిషిని కాను. ఏమని పిలవాలనుకుంటున్నారని మాత్రం అడిగాను. "తండ్రి" అని రాశారు. 'త'తో మొదలయ్యే మాట, రెండే అక్షరాలు, ఒక విడత గాలికి సరిపోతుంది. తాతను పక్కనపెట్టి దాన్నే పట్టుకున్నాం.

వారమంతా పెదవులు కదలడం, చెమట పట్టడం తప్ప ఏమీ లేదు. గట్టిగా ప్రయత్నించినకొద్దీ మెడలోంచి గాలి బుసకొట్టేది. తొమ్మిదో రోజు ఉదయం ఆయన అద్దంలో చూసుకోవడం మానేసి కళ్లు మూసుకున్నారు. నాలుకను పళ్లకు నొక్కారు.

"తండ్రీ."

బొంగురుగా, ఎక్కడో అడుగునుంచి వచ్చిన శబ్దం. అన్నవాహిక గోడలు ఎలా కంపిస్తాయో బొమ్మ గీసి చూపించగలదాన్ని. అయినా ఆ మాట నాకు చెప్పింది కాదు. దాన్ని అందుకునేవారు ఎవరో అక్కడే ఉన్నారనిపించింది. నేను కుర్చీలోంచి ఎందుకు లేచి నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన మళ్లీ పిలిచారు. మళ్లీ. రాజమ్మ తల మీద కొంగు కప్పుకొని మోకరించారు. "ఇన్నడయ్యా, ఎప్పుడో ఇన్నడు. ఇగ ఫికర్ జెయ్యకు," అన్నారు ఏడుస్తూనే.

రెండు నెలల తర్వాత బాప్తిస్మం గురించి అడగడానికి ఇద్దరూ వచ్చారు. మెడలో రంధ్రం ఉన్నవాళ్లు మునిగితే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముంచకూడదని పాస్టరుకు కాగితం రాసిచ్చాను. నెత్తి మీద కొద్దిగా పోశారట.

పాప, తాత, కాక పట్టికను నేను పారేయలేదు. శాస్త్రప్రకారం అది సరైనదే. కాకపోతే దాన్ని రోగి ముందు పెట్టేముందు, ముందుగా ఎవరిని పిలవాలనుకుంటున్నారని ప్రతి రోగినీ అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు లేని మనిషి నా సర్వీసు ముగిసేదాకా ఒక్కరూ తగల్లేదు.