ఆగయ్య జబ్బులు, ఒకటో నంబరు బిళ్ల

శాలిబండ మొత్తంలో ఆగయ్యకు రాని జబ్బంటూ లేదు. సోమవారం మోకాళ్లు, మంగళవారం కడుపు, బుధవారం గుండెదడ. గురువారానికి ఆ మూడూ ఎటో వెళ్లిపోయి చెవిలో హోరు మొదలయ్యేది. మనిషి చూస్తే చింతమొద్దులా ఉండేవాడు. అరవై ఆరేళ్లు. రైల్వే పార్సిళ్ల ఆఫీసులో మూటలకు చీటీలంటించి రిటైరయ్యాడు. అంత గట్టి ఒంట్లో ఇన్ని జబ్బులు ఎక్కడ సర్దుకుంటున్నాయో కాంపౌండర్ మొహియుద్దీన్‌కు అంతుపట్టేది కాదు.

మొహియుద్దీన్ డాక్టర్ అమరనాథ్ దవాఖానాలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. వరుస నంబర్ల బిళ్లలివ్వడం, మందు కలపడం, సూదులు ఉడకబెట్టడం, లొల్లి చేసేవాళ్లను కసరడం, అన్నీ ఆయనే. పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసేసరికి వీధి చివరి నుంచి టప్ టప్‌మని చెప్పుల చప్పుడు వినిపించేది. తలెత్తి చూడనక్కర్లేదు. అది ఆగయ్యే. ఒకటో నంబరు ఇత్తడి బిళ్ల ఆయనకే.

“సలాం మొహియుద్దీన్ భాయ్. ఇయ్యాల పానం బాగలేదు.”

“నిన్న బాగుండెనా?”

“నిన్నటిది వేరే.”

ఆ దవాఖానాలో ఒక కాయిదా ఉండేది. అరవై దాటిన రోగి ఒంటరిగా రాకూడదు. ఒక పెద్దమనిషి పూసుకోమన్న మందు తాగేసి, తాగమన్న మందును మోకాలికి మర్దన చేసుకున్న నాటి నుంచి డాక్టరు పెట్టిన కాయిదా అది. చెప్పింది వినడానికి పక్కన ఒకరుండాలి. రిజిస్టరులో రోగి పేరు ఎదురుగా తోడు వచ్చినవాళ్ల పేరు కూడా రాయాలి. మిగతా ముసలివాళ్లు కొడుకునో కోడలినో వెంటబెట్టుకుని వచ్చేవారు. ఆగయ్య భార్య పోయింది, పిల్లలు లేరు. అందుకని వీధిలో ఎవరు చేతికి దొరికితే వాళ్లను బతిమాలుకుని తెచ్చుకునేవాడు. అది కూడా తనకంటే ముసలివాళ్లను.

ఒకరోజు జొన్నరొట్టెలమ్మే సత్తెమ్మను తెచ్చాడు. డెబ్బై ఏళ్ల ఆవిడ. ‘దవాఖానకు పోయినోళ్లు కాళ్లతోని పోయి నలుగురి భుజాల మీద వస్తరు’ అని గడప తొక్కని మనిషి.

“ఏం జబ్బు?” అని అడిగాడు మొహియుద్దీన్.

“ఒంటికి పోయినకాడ చీమలు పడుతున్నయ్ భాయ్. ఎర్రచీమలు గాదు, నల్లచీమలు.”

“చీమల రంగు గుడ రాయాల్నా చీటీల?”

“రాయి. సారుకు అక్కరకొస్తది.”

లోపలికి వెళ్లాక ఆగయ్య ఇంకో పేచీ పెట్టాడు. ఒంట్లో చక్కెర ఉందో లేదో తేల్చే ఆ గాజు గొట్టం, ఆ నీలం మందు, కింద దీపం చూస్తేనే తనకు కాళ్లు వణుకుతున్నాయట. “సారూ, ముందు ఈ అక్కకు చేసి చూపియ్యుండ్రి. ఆమెకేం గాకుంటే నాకు ధైర్యమొస్తది” అన్నాడు. సత్తెమ్మకు రోషం వచ్చింది. “మొగోనివి, గింత పిరికితనమేందిరా? తే గా గిన్నె!” అంది. ఆవిడది మరిగించేసరికి నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. ఆగయ్యది నీలం నీలంగానే ఉంది. చీమలు ఎవరింటికి రావాలో తెలియక ఆగయ్య ఇంటికి వచ్చాయన్నమాట అని నవ్వుకున్నాడు మొహియుద్దీన్. నవ్వుకుని ఊరుకున్నాడు.

ఇంకోసారి కృష్ణయ్య పహిల్వాన్. ఒకప్పుడు తాలీంఖానాలో కుస్తీలు పడుతూ ఇద్దరేసి మనుషుల్ని ఒంటిచేత్తో ఎత్తేసిన మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడేవాడు. ఎందుకని అడిగితే గోడ గట్టిదో కాదో చూస్తున్నానని చెప్పేవాడు. ఆయన్ను తోడు తెచ్చుకున్న రోజు, డాక్టరు బీపీ పట్టీ కట్టబోతే ఆగయ్య గావుకేక పెట్టాడు.

“వద్దు సారూ! చెయ్యి ఊడిపోతది!”

“థూ! పిల్లి గుడ గిట్ల ఒర్లదు. డాక్టర్ సాబ్, ముందు నాకు కట్టుండ్రి. ఎంత గట్టిగ కడ్తరో కట్టుండ్రి!” అని పహిల్వాన్ కండ చూపించాడు.

కట్టారు. డాక్టరు ఒకసారి చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి పహిల్వాన్ ఉప్పు మానేసి రోజూ ఒక మాత్ర మింగుతున్నాడు. ఆగయ్య మాత్రం బీపీ పట్టీ కట్టించుకోకుండానే వెళ్లిపోయాడు. మర్నాటికి ఆయన గుండెదడ తగ్గి దగ్గు మొదలైంది.

ఆ దగ్గుకు తోడు దర్జీ నసీరుద్దీన్. దగ్గొచ్చినప్పుడల్లా గిరాకీలకు వినబడకుండా కుట్టుమిషను జోరుగా తొక్కే మనిషి. సగం చొక్కాలకు చేతులు వంకరగా కుదరడానికి కారణం అదే.

ఇదంతా చూస్తుంటే మొహియుద్దీన్‌కు ఒళ్లు మండిపోయేది. జ్వరంతో మూలుగుతున్నవాళ్లు బయట కూర్చుంటే, ఎద్దులాంటి మనిషికి రోజూ ఒకటో నంబరు! కానీ ఆ కోపం కింద ఇంకొకటి ఉంది. ఏడాదిగా ఆయన కళ్లకు మసక కమ్ముతోంది. మొదట సీసాల మీది చీటీలు అలుక్కుపోయాయి, తర్వాత బిళ్లల మీది అంకెలు. బిళ్లల్ని బొటనవేలితో తడిమి ఇస్తున్నాడు. ఎర్రది జ్వరానికి, తెల్లది కడుపుకు, వాము వాసనది గ్యాసుకు అని మందుల్ని రంగుతో, ముక్కుతో కనిపెడుతున్నాడు. సంగతి తెలిస్తే డాక్టరు ఉద్యోగంలో ఉంచుకోడు. ఉంచుకోవడం న్యాయం కూడా కాదు. ఏదో ఒకరోజు తన చేతిమీదుగా ఎవరి కడుపులోకి ఏ మందు పోతుందోనని సీసా ఇచ్చేముందు ప్రతిసారీ మూత తీసి రెండోసారి వాసన చూసేవాడు. అయినా నోరు విప్పలేదు. యాభై ఎనిమిదేళ్లకు కళ్లు పోయిన కాంపౌండరుకు ఇంకెవరు పనిస్తారు?

ఈ భయమంతా ఆయన ఆగయ్య మీద కోపంగా తీర్చుకునేవాడు. పొద్దుటి గంటంతా ఆగయ్య బయట బల్ల మీద కూర్చుని తన చేతులకేసే చూస్తుంటాడు. ఆ చూపు ఆయనకు నచ్చేది కాదు. ఒకరోజు సీసాకు డోసుల కాగితం తలకిందులుగా అంటిస్తే ఆగయ్య ఏమీ అనకుండా తీసి సరిగ్గా అంటించాడు. “మూటలకు చీటీలంటించినోన్ని గదా, చెయ్యి ఊరుకోదు” అన్నాడు. మొహియుద్దీన్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఈ మనిషిని దవాఖానా నుంచి తరిమేయించాల్సిందే అనుకున్నాడు.

దానికి సాక్ష్యం ఆయన దగ్గరుంది. రెండేళ్లుగా ఆగయ్య చెప్పిన జబ్బులన్నీ తేదీలవారీగా, తోడు వచ్చినవాళ్ల పేర్లతో సహా ఒక నోటుబుక్కులో ఉర్దూలో రాసిపెట్టాడు. మర్నాడు డాక్టరు ముందు పెట్టాలని ఆ సాయంత్రం ఇంటికి తెచ్చి భార్య షహనాజ్ చేతికిచ్చాడు.

“జర చదువు. అద్దాలు దవాఖానాల మర్చిపోయిన.”

“అజీ, నీ అద్దాలు ముక్కు మీదనే ఉన్నయ్.”

“ఇవి దూరానివి. చదువు!”

షహనాజ్ పేజీలు తిప్పింది. “ముందట అక్షరాలు చీమలోలె ఉన్నయ్. వెనకకొచ్చేటాలకు ఏనుగులైనయేంది?”

“కలం లావుది. చదువుతవా లేదా?”

ఆవిడ చదివింది. “చీమల జబ్బు, తోడు సత్తెమ్మ. గుండెదడ, తోడు పహిల్వాన్. దగ్గు, తోడు నసీరుద్దీన్ దర్జీ...” అంటూ ఆగింది. “సత్తెమ్మ అంటే రొట్టెలామెనే గదా? ఆమె మీ దవాఖానాల షక్కర్ మందు తింటలేదూ?”

“తింటది.”

“పహిల్వాన్‌కు బీపీ. దర్జీకి రొమ్ముల పట్టేసిందని నెలరోజులు సూదులేసిన్రు. మరి ఆగయ్య భాయ్‌కు ఏం జబ్బు తేలింది?”

“ఏం తేలలేదు! అదే గదా నా లొల్లి! ఇరవై ఆరు జబ్బులు, ఒక్కటన్నా నిజం గాదు!”

“ఇరవై ఆరూ నిజమే” అంది షహనాజ్ నోటుబుక్కు మూసి. “ఆగయ్య భాయ్‌కు గాదు, తోడొచ్చినోళ్లకు.”

మొహియుద్దీన్ నోట్లో పాన్ అలాగే ఉండిపోయింది. రెండేళ్లుగా తన చేత్తో తానే రాసిన పుస్తకం. కుడివైపు రాసిన జబ్బులే చూసుకుంటూ ఎడమవైపున్న పేర్లను వదిలేశాడు. దవాఖానకు రమ్మంటే రాని మొండి ముసలివాళ్లు, పక్కింటివాడు భయపడి తోడు రమ్మంటే కాదనలేరు. ముందు మీరు చూపించుకోండి, నాకు ధైర్యమొస్తుందంటే అసలే కాదనరు. శాలిబండలో రోగమున్నవాళ్లను బతిమాలితే మొహం తిప్పుకుంటారు, పిరికివాడికి ధైర్యం చెప్పమంటే మాత్రం పరుగెత్తుకొస్తారు. ఆ కిటుకు ఆగయ్యకు తెలుసు. అనవసరంగా తిట్టుకున్నానే అని మొహియుద్దీన్‌కు సిగ్గేసింది. ఆ నోటుబుక్కును సందూకులో అడుగున పెట్టేశాడు.

మర్నాడు ఎనిమిదింటికి చెప్పుల చప్పుడు వచ్చింది. ఈ మధ్య ఆ చప్పుడులో తేడా వచ్చింది, ఒక టప్, ఒక జర్ర్. చెప్పులు అరిగి ఉంటాయనుకున్నాడు మొహియుద్దీన్. ఆయన ఎన్నడూ లేనిది లేచి నిలబడి ఎదురువెళ్లాడు.

“సలాం ఆగయ్య భాయ్. ఇయ్యాల ఎవరిని తెచ్చినవ్? ఏం జబ్బు?” అని నవ్వుతూ బిళ్ల అందుకున్నాడు.

“కండ్లు, భాయ్” అన్నాడు ఆగయ్య. “మసకమసక. చీటీలు కనిపిస్తలేవు. అంకెలు చేతితోని తడుముకోవట్టిన.”

మొహియుద్దీన్ చేతిలోంచి బిళ్ల జారి టంగుమంది.

“తోడు... తోడెవరు?”

“ఎవరూ దొరకలే. నువ్వే రావాలె. నాకు మస్తు భయమైతుంది.” ఆగయ్య ఒంగి బిళ్ల తీసి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. “మా ఇంటామె గుడ గిట్లనే, ఏం లేదు ఏం లేదు అనుకుంటనే పోయింది భాయ్. మొగన్ని, పక్కకే ఉండి గుడ ఆమె మూలుగు ఇనకపోతిని. ఇప్పుడు అందరిది ఇంటున్న. పా, సారు ఖాళీగ ఉన్నడు.”

ఇద్దరూ లోపలికి వెళ్లారు. డాక్టర్ అమరనాథ్ ఆగయ్యను చూసి నిట్టూర్చి టార్చి తీశాడు. “వద్దు సారూ, ముందు మొహియుద్దీన్ భాయ్‌కు చూడుండ్రి, లైటంటే నాకు భయం” అన్నాడు ఆగయ్య. మొహియుద్దీన్ మారుమాట లేకుండా స్టూలు మీద కూర్చున్నాడు.

“రెండు కండ్లల్ల మోతిబిందు, శుక్లాలొచ్చినయ్” అన్నాడు డాక్టరు కాసేపటికి. “ఎన్నాళ్ల నుంచి మొహియుద్దీన్?”

“ఏడాది సాబ్. చెప్తే పని పోతదని...”

“ఏడాది! నాకు ఎందుకు చెప్పలే? ఆపరేషన్ చేసి అద్దాలిస్తే ఎప్పటిలెక్క చూస్తవు. నీ కుర్చీ నీకే ఉంటది. అప్పటిదాక మందు నేనే కలుపుత.”

“బిళ్లలు నేనిస్త సారూ” అని ఆగయ్య మధ్యలో దూరాడు. ఆయన కళ్లు చూపించుకోవడం సంగతి ఎప్పటిలాగే అందరూ మరిచిపోయారు.

రెండు కళ్లకూ ఆపరేషన్లు, పట్టీలు, తల కదపకుండా మంచం మీద రోజులు, అన్నీ కలిసి నాలుగు నెలలు. దవాఖానాలో ఆగయ్య రాజ్యం సాగింది. బిళ్ల ఇవ్వడానికి ముందు ప్రతి రోగినీ ఆయనే సగం పరీక్ష చేసి పంపుతున్నాడనీ, ఒకటో నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడనీ కబురు వచ్చింది. మొహియుద్దీన్ పట్టీల కింద నుంచే ఆయనను తిట్టాడు. ఈసారి తిట్టులో మంట లేదు, పట్టీలు తడిసేంత నవ్వు ఉంది.

సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్న తొలిరోజు. సీసాల మీది చీటీలన్నీ కనిపిస్తున్నాయి. గోడ మీది బల్లి కూడా కొత్తగా ఉంది. వీధిలోంచి చప్పుడు వచ్చింది. జర్ర్. జర్ర్. టప్ అన్నదే లేదు. ఆగయ్య గుమ్మంలోకి వచ్చాడు. మొహియుద్దీన్ కొత్త కళ్లతో ఆయనను తల నుంచి కాళ్ల దాకా చూశాడు, కాళ్ల దగ్గర ఆగిపోయాడు.

రెండు పాదాలూ పొంగిన పూరీల్లా ఉన్నాయి. చెప్పుల పట్టీలు బ్లేడుతో కోసి, పార్సిళ్లకు కట్టే పురికొసతో కట్టి ఉన్నాయి. నోటుబుక్కులో రాసిన ఇరవై ఆరు జబ్బుల్లో కాళ్ల వాపు లేదు. ఆగయ్య ఎన్నడూ చెప్పని జబ్బు అదొక్కటే.

“సలాం భాయ్! కండ్లు మంచిగున్నయా?” అని ఆగయ్య జేబులోంచి ఒకటో నంబరు బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. “గిది నీకు అప్పజెప్పుతున్న.”

“కండ్లు మంచిగున్నయ్. కాళ్లే బాగలేవు.”

“ఏమైంది?”

“వాసినయ్. చెప్పులు పడ్తలేవు. ఒక్కన్నే లోపటికి పోవాల్నంటే భయమైతుంది. జర తోడొస్తవా?”

ఆగయ్య మొహియుద్దీన్ కాళ్లకేసి చూశాడు. సన్నగా, ఎముక తేలి, నవాబుల గుర్రానివిలా ఉన్నాయి. తర్వాత మెల్లగా తన కాళ్లకేసి చూసుకున్నాడు.

“సూది ఏస్తడా సారు?”

“ఏమో. ముందు నీకేసి చూపియ్యమంట. నాకు ధైర్యమొస్తది.”

“నా విద్య నాకే నేర్పుతున్నవా భాయ్?” అని ఆగయ్య పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే పురికొస విప్పి చెప్పులు గుమ్మం దగ్గర వదిలాడు.

మొహియుద్దీన్ రిజిస్టరు తెరిచి, చీమల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఒకటో నంబరు. రోగి మొహియుద్దీన్. తోడు ఆగయ్య.