తాళం నా చేతికిచ్చి నీళ్లలోకి దిగిన నూకరాజు మావయ్య

నిన్న పొద్దున బాంబూఫ్లాట్ ఫెర్రీలో ఉండగా ఫోన్ వచ్చింది.
నూకరాజు మావయ్య లేడు. నిద్రలోనే హార్ట్ ఎటాక్.

ఫెర్రీ ఒడ్డుకి చేరినా నేను దిగలేదు. అందులోనే తిరిగొచ్చేశాను.

మావయ్య మాకు రక్తసంబంధం కాదు. మా నాన్నతో కలిసి సముద్రంలో చేపల వేటకెళ్లేవాడు. తర్వాత జెట్ బోటు మెకానిక్ అయ్యాడు.

మా వదిన కాన్పు రోజు గురించి చెప్పాలి.

పక్క దీవిలో ఉండగా వదినకి నెలలు నిండకుండానే బ్లీడింగ్ మొదలైంది. ఆసుపత్రికి చేర్చడానికి ఆ టైముకి దొరికింది మావయ్య పనిచేసే జెట్ బోటు ఒక్కటే. బోటులో డ్రైవర్ భయ్యా, మావయ్య, అన్నయ్య, వదిన, నేను.

సగం దూరం వచ్చాక ఇంజన్ అరుస్తోంది గానీ బోటు కదలడం లేదు.

జెట్ బోటు కింద నుంచి నీళ్లు పీల్చుకుని వెనక్కి చిమ్ముతూ ముందుకెళ్తుంది. ముందురోజు తుఫానుకి సముద్రమంతా నాచు, చెత్త. నీళ్లతో పాటు అదీ లోపలికి పోయింది.

మావయ్య ఇంజన్ ఆపించాడు. వెనక భాగం పైకి లేవాలని మమ్మల్ని ముందువైపు జరగమన్నాడు. నీళ్లు పీల్చే గొట్టం మూత తీసి భుజం దాకా చెయ్యి పెట్టి నాచు గుప్పిళ్లతో లాగేశాడు.

మళ్లీ స్టార్ట్ చేసినా లోపలి రెక్కలు తిరగలేదు. కింద వల ముక్క చుట్టుకుందన్నాడు.

కత్తి నడుముకి కట్టుకుని, ఇంజన్ తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"నానొచ్చి అడిగితేనే ఇయ్యమ్మా. ఇంకెవులడిగినా ఇవ్వకు."

నీళ్లలోకి దిగాడు.

గాలి మమ్మల్ని రాళ్ల వైపు తోసేస్తోంది. రాళ్ల మీద విరుగుతున్న నురగ కనిపిస్తోంది. మావయ్య రెండుసార్లు పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ మునిగాడు.

మూడోసారి పైకి రాలేదు.

వదిన మూలుగు ఆగిపోయింది. అది మరీ భయం.

వల తెగే ఉంటుందని డ్రైవర్ భయ్యా తాళం కోసం చెయ్యి చాపాడు. "దీదీ, చాబీ దో."

అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇచ్చెయ్యవే. ఇక్కడ రెండు ప్రాణాలు పోతున్నాయి."

"కింద మావయ్య ఉన్నాడు అన్నయ్యా."

అన్నయ్య పట్టు వదల్లేదు. నేనూ పిడికిలి విప్పలేదు. వదిన ముఖం చూస్తే విప్పేస్తానేమోనని అటు చూడలేదు.

బోటు అవతలి పక్క నుంచి దగ్గు వినిపించింది. మావయ్య చేతిలో చిక్కుపడ్డ వల, అరచేయి నిండా రక్తం. పైకెక్కి, మూత బిగించి, నా వైపు చెయ్యి చాపాడు.

"ఇప్పుడియ్యి."

హాడో జెట్టీ చేరాం. ఆ సాయంత్రమే పాప పుట్టింది. తల్లీబిడ్డా దక్కారు.

అన్నయ్య చాలా రోజులు మావయ్యకి ముఖం చూపించలేకపోయాడు. పాప బారసాల నాడు ఆయన కాళ్ల మీద పడి, నిన్ను చంపబోయానని ఏడ్చాడు.

మావయ్య లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీ పెళ్లాం నీ కళ్ల ముందుంది. నాను కనబడ్నేదు. నీ జాగాలో నానున్నా తాళవే అడుగుదును."

ఆ మాటతో అన్నయ్య మళ్లీ మనిషయ్యాడు. నేనూ ఆ రోజే అన్నయ్యని క్షమించాను.

నిన్న సాయంత్రం పాడె ముందు కొమ్ము అన్నయ్యే పట్టాడు. దారిలో ఎవరు భుజం మార్చుకుంటామన్నా ఇవ్వలేదు.

సెలవు మావయ్యా. ఎంతోమందిని ఒడ్డుకి చేర్చావు, నీకు చల్లటి శాంతి దొరకాలి.