మసి వదిలించుకోవడానికి దొడ్డబళ్ళాపురం దాకా

'ఆ రోజుల్లో' అని మొదలుపెడితే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నేను చెప్పబోయేది గట్టిగా నాలుగేళ్ళ నాటి ముచ్చట. కానీ బెంగళూరులో నాలుగేళ్ళంటే తక్కువా? అప్పుడు వర్తూరులో మా బాల్కనీ నుంచి చెరువు కనబడేది, ఇప్పుడు ఎదుటి అపార్టుమెంటువాళ్ళ బట్టల తీగ కనబడుతోంది. (ఏ వారం ఏ చొక్కా ఉతికారో కూడా చెప్పగలను.) కాబట్టి ధైర్యంగా ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్ళు, కొత్తగా టీమ్ లీడర్నయ్యాను, లోకంలో నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటే అది ఇంటర్నెట్లో ఇంకా ఎవరూ రాయనిదే అయ్యుంటుందని గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే సెకండ్ హ్యాండులో ఒక పెద్ద విదేశీ ఎస్‌యూవీ కొనాలని తీర్మానించాను. మామూలు కొత్త కారుకు పెట్టే డబ్బుతో, ఎవరో గొప్పింటివాళ్ళు రెండేళ్ళు వాడి మొహం మొత్తిన బండి వస్తుంటే ఎందుకు వదులుకోవాలి? మూడు నెలలు బండ్ల గురించి చదివాను. హార్స్‌పవర్, టార్క్, గేర్‌బాక్స్ తప్ప నా నోట వేరే మాట లేదు. అన్నం తింటూ కూడా టార్క్, టార్క్ అంటుంటే ఆసుపత్రిలో సిస్టరుగా పనిచేసే మా అమ్మ కంగారుపడి "అదేం జబ్బే?" అని అడిగింది. సంగతంతా విన్నాక, "కొంటే కొనుక్కో, కానీ మామను తీసుకపోయి చూపించు. ఆయన సరే అంటేనే కొను" అని షరతు పెట్టింది.

మామ అంటే అమ్మ తమ్ముడు. దొడ్డబళ్ళాపురంలో పన్నెండు మరమగ్గాల షెడ్డు ఆయనది. అమ్మకు నైట్ డ్యూటీలు పడుతుండడం వల్ల పదో తరగతి దాకా నేను ఆయన ఇంట్లోనే, ఆయన భుజాల మీదే పెరిగాను. పన్నెండు మగ్గాలూ ఒకేసారి దడదడలాడుతుంటే ఈయన గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతూ, "ఆరోదానికి బెల్టు వదులైండాది, పోయి చూడప్పా" అనేవాడు. పోయి చూస్తే నిజంగా ఆరోదే. అయితే ఆయన జన్మలో కారు తోలలేదు. టీవీఎస్ మోపెడ్ దాటి రాని మనిషి నా ఎస్‌యూవీకి సర్టిఫికెట్ ఇవ్వడమేమిటని నాకు లోలోపల ఉడుకుమోత్తనంగా ఉండేది. ఉద్యోగం వచ్చాక ఆ ఇంటివైపు పోవడమే మానేశానన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తుకు రాలేదు.

బండ్లమ్మే చోట ఒకే మోడలువి రెండు పక్కపక్కనే ఉన్నాయి. నల్లది డీజిలు, తెల్లది పెట్రోలు. ధర ఇంచుమించు ఒకటే. అమ్మే అతను నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడినవాడు, మంచి మాటకారి. "మేడమ్, డీజిల్ అంటే డీజిలే. ఆ పుల్లింగ్ చూడండి, వెనకనుంచి ఎవరో తోసినట్టుంటది!" అన్నాడు. నేను మూడు నెలలు చదివిందంతా అతని నోట వినబడుతుంటే ఆనందం పట్టలేకపోయాను. మామ మాత్రం రెండు ఇంజన్లూ స్టార్టు చేయించి, ఒక్కోదాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. (అక్కడికి వచ్చిన ఒకాయన, పూజ జరుగుతోందనుకుని చెప్పులు విప్పాడు.) తర్వాత కళ్ళు తెరిచి నన్నడిగాడు.

"దినామూ ఎంత దూరం పోతావు పాపా?"

"ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు. కానీ ట్రాఫిక్ కదా, ముప్పావుగంట."

"నాలుగు కిలోమీటర్లకు డీజిలు ఏల? అది సరిగ్గా కాగేలోపల నీ ఆఫీసు వచ్చేస్తాది. కాగకుండా ఆపేస్తే ఏ డీజిలింజనైనా మసి మింగతాది. రెండూ బాగానే ఉండాయి. నీకు మాత్రం తెల్లదే సరి."

అమ్మే అతను నావైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు తలకొట్టేసినట్టయింది. మామకన్నా నేనెక్కువని ఆ క్షణంలో అతనికి నిరూపించకపోతే బతుకే వృథా అనిపించింది.

"నీకు తెలిసింది మగ్గం మోటారు మామా. ఇది వేరే లోకం. నువ్వు కాసేపు ఊరికే ఉండు."

మామ బానెట్ మీంచి చెయ్యి తీసేసుకున్నాడు. కండువాతో అరచెయ్యి తుడుచుకుని, "సరేప్పా. నీ బండి, నీ ఇష్టం" అన్నాడు. ఇంటి దగ్గర దింపుతానంటే వద్దని బస్సెక్కాడు. నేను నల్లబండి తాళాలు తీసుకుని, నన్ను ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టే ఇంటికొచ్చాను. మామను నేనన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోయినంత పనవుతుంది. ఆ తర్వాత రెండు నెలలు ఆయన ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాను?

రెండో నెల చివర, మారతహళ్ళి సిగ్నలు దగ్గర, స్టీరింగు వెనక మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపమొకటి వెలిగింది. రెండు రోజులు చూసీ చూడనట్టున్నాను, అది కూడా నన్ను చూసీ చూడనట్టు వెలుగుతూనే ఉంది. సర్వీసింగుకు తీసుకెళితే అక్కడి పెద్దమనిషి కంప్యూటరు తగిలించి చూసి, "రోజూ ఎంత దూరం తోలతారు?" అని అడిగాడు. అచ్చం మామ అడిగిన ప్రశ్నే! ఈ డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుందట. బండి వేగంగా, ఆపకుండా, చాలాసేపు పరుగెత్తితేనే ఆ మసి కాలి జల్లెడ శుభ్రమవుతుందట. "వారానికొకసారి హైవే మీద గంటసేపు తోలండి మేడమ్. లేకుంటే జల్లెడ మార్చాలి" అని దాని ఖరీదు చెప్పాడు. విన్నాక అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

అలా ఆదివారం పొద్దున్నే మసి కాల్చడానికి బయల్దేరాను. యలహంక దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది, బండి హాయిగా పరుగెత్తింది, నేనూ పాటలు పాడుకుంటూ తోలాను. ఎటు పోతున్నానో చూసుకోలేదు. చూసుకునేసరికి దొడ్డబళ్ళాపురం. చేతులు అలవాటుకొద్దీ మామ వీధిలోకి తిప్పాయి. కానీ మసి పూర్తిగా కాలలేదు. బండి నిలిపినప్పుడు ఇంజను వేగం చూపే ముల్లు మామూలుకన్నా పైన నిలబడితే ఇంకా కాలుతోందని, మధ్యలో ఆపకూడదని ఆ పెద్దమనిషి మరీమరీ చెప్పాడు. చేసేదిలేక మామ ఇంటి ముందునుంచే పోయి, బైపాసెక్కి, తిరిగొచ్చి, మళ్ళీ పోయి, మొత్తం మూడు చుట్లు తిరిగాను. మూడోసారికి అత్త వీధిలోకి వచ్చి చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

"దిగు పాపా! సొంత మామ ఇంటికి రానీకి ఇంత సిగ్గా? తప్పయింటే అయింది, లోపలికి రా!" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ, "చూస్తివా, నేను చెప్పలే, పాప మనసు ఆగక వచ్చేస్తాదని!" అంటూ మామను కేకేసింది. మామ షెడ్డులోంచి వచ్చి, నన్నూ బండినీ ఓసారి చూసి, "తిన్నావా?" అన్నాడు. అంతే. రాగిముద్ద, పప్పుకట్టుతో కాచిన ఉప్పుసారు పెట్టారు. మసి సంగతి నోటిదాకా వచ్చింది. కానీ అత్త మొహం చూశాక ముద్దతోపాటు దాన్నీ మింగేశాను.

ఇక ప్రతి ఆదివారమూ అదే తంతు. జల్లెడ నిండుతుంది, నేను బయల్దేరతాను, ఊరి చుట్టూ తిరుగుతాను, ముద్ద తింటాను. నా చుట్లు చూసి ఆ వీధివాళ్ళు పాపకేదో మొక్కుందని అనుకోవడం మొదలుపెట్టారు. ఒకామె ఏ దేవుడికో చెప్పమని, తన కొడుక్కీ ఉద్యోగం రావాలని బతిమాలింది. అత్తయితే కొట్టుకాడా, నల్లాకాడా "మా పాపకు వారానికొకసారి మమ్మల్ని చూడకుంటే అన్నం దిగదు" అని చాటుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకే అన్నం దిగేది కాదు. వీళ్ళది ప్రేమ, నాది జల్లెడ! నాలుగు నెలలు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాక, ఒక ఆదివారం మామ ఒక్కడే అరుగు మీద కూర్చుని దారపు కండెలు ఏరుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

"మామా, నేను మీకోసం రావడం లేదు. నువ్వు చెప్పినట్టే బండి మసి మింగింది. అది కాల్చుకోవడానికి వస్తున్నాను. ఆ రోజు నిన్ను అంత మాటన్నాను, తప్పయింది."

మామ కండెలు ఏరడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటి దినమే. బండి నిల్పినాక కూడా లోపల ఫ్యాను తిరుగుతా ఉండె. కాలిన వాసన వీధంతా ఉండె. ఇంక రెండు సుట్లు తిరిగొస్తే సరిగ్గా కాలిపోయుండును, మీ అత్త అడ్డం పడె."

"మరి చెప్పలేదే! చెప్పుంటే అప్పుడే అమ్మేసి ఆ పెట్రోలుది తెచ్చుకునేదాన్ని కదా!"

"అందుకే చెప్పలే" అన్నాడు మామ.

నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వస్తే మొహం ఎలా ఉంటుందో తెలియదుగానీ, మామ నన్ను చూసి, "పో, పో, మొగం కడుక్కోని రా. ముద్ద ఆరిపోతా ఉండాది" అని కసిరాడు.

ఆ నల్లబండిని పోయిన ఏడాది అమ్మేశాను. కొన్నాయన రోజూ మైసూరుకు పోయివస్తాడట, బండి బాగుపడింది. ఈసారి ఇంటర్నెట్ చదవకుండా ఒక చిన్న కరెంటు కారు కొన్నాను. మొదటి ఆదివారం దాన్ని తీసుకెళితే మామ చుట్టూ తిరిగి, వంగి వెనకాల వెతికాడు.

"దీనికి పొగగొట్టమే లేదే పాపా?"

"లేదు మామా. ఇది కరెంటుది."

"అట్లయితే మసి పట్టదు గదా?"

"పట్టదు."

"మరి ఏల వచ్చినావు?"

ఇరవై ఏడేళ్ళప్పుడు ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబుండేది. ఇప్పుడు ముప్పై దాటాక, మిమ్మల్ని చూడాలనిపించి వచ్చాను అన్న చిన్న మాట కూడా నోరు దాటి రాలేదు. "చార్జింగు అయిపోయింది మామా, ఇక్కడ పెట్టుకుందామని" అన్నాను. మామ అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. ఎనభై ఆరు శాతం అని ఇంత లావు అంకెలు కనబడుతున్నాయి. షెడ్డులోకి పోయి పొడుగాటి వైరు లాక్కొచ్చి, "నింపాదిగా ఎక్కనీ, సాయంత్రం దాకా పడతాదేమో" అన్నాడు.